ట్యాంకు మూత కింద రబ్బరు బిళ్ళ

మీ చేత్తో మీరు చేసిన పనిని చివరిసారి ఎప్పుడు అనుమానించారు? పక్కింటివాడి నమ్మకం సంగతి అడగడం లేదు. పూజారి మాట, పాస్టరు ప్రార్థన సంగతి కూడా కాదు. మీరు స్వయంగా కత్తెర పట్టుకుని కత్తిరించి, బిగించి, చేతులు దులుపుకున్న పని సంగతి అడుగుతున్నాను. వెంటనే జవాబు తట్టిందంటే మీరు నాకంటే నయం. నాకు తట్టడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాల నష్టం నాకు రాలేదు, మా అక్క మోకాలికి వచ్చింది.

అక్క సికింద్రాబాదులో ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్లు సామాన్యశాస్త్రం చెప్పి రిటైరైంది. మాది కోస్తా నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆమె ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేది. నేను ప్రతి ఆదివారం తప్పకుండా మానేసేవాణ్ణి. దిష్టి మీద, దెయ్యాల మీద, స్వస్థత సభల మీద వేదికలెక్కి వాదించడం నాకప్పుడు పెద్ద పని. కాప్రాలో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి నమ్మకాన్ని ఒకరు మార్చలేక, ఒకరి కాఫీ ఒకరు తాగుతూ బతికేవాళ్లం.

ఆ వేసవికి ముందు అక్క స్నానాల గదిలో జారిపడి కుడి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. లోపల తీగ వేసి బిగించారు, పైన కట్టు వేశారు. కట్టు విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వచ్చి మోకాలు వంచే వ్యాయామాలు చేయాలన్నారు. అక్కడ ఫిజియోథెరపీ చేసే ఆవిడ మాట కరుకు, చెయ్యి గట్టి.

"మొదటి ఆరు వారాల్లో ఎంత వంగితే అంతే. తర్వాత మీరు ఏడ్చినా వంగదు," అంది మొదటిరోజే.

"నాకు బస్సు మెట్టెక్కేంత వంగితే చాలమ్మా," అంది అక్క. "రిటైరయ్యాక కూడా నేను ఒక్కరి మీద ఆధారపడలేదు. ఇప్పుడు వీడి మీద పడ్డాను."

వీడు అంటే నేను. నా దగ్గర ముప్ఫై ఏళ్ల నాటి కారొకటి ఉండేది. బయట గుండ్రటి దీపాలు, లోపల సోఫాలాంటి వెనక సీటు. ఆటోలో అక్క కాలు చాపుకునే వీల్లేదు, గుంటలో పడ్డ ప్రతిసారీ ప్రాణం పోయేది. ఈ కారులో వెనక సీటు మీద అడ్డంగా కూర్చుని, తలుపుకు ఆనుకుని, కాలు బారుగా చాపుకోవచ్చు. అందుకే నేను గొప్పగా అన్నాను, "నా కారుండగా నీకెందుకు బెంగ?"

మొదటి ప్రయాణంలోనే అక్కకు కడుపులో తిప్పింది. పెట్రోల్ వాసన. ట్యాంకు మూత లోపలి అట్ట అరిగిపోయి, మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోల్ కారేది. అక్క ఆనుకుని కూర్చునేది సరిగ్గా ఆ వైపే. ఇంటికొచ్చి పాత సైకిల్ ట్యూబు తీసి, మూత చుట్టూ పెన్సిలు తిప్పి, గుండ్రంగా ఒక బిళ్ళ కత్తిరించి మూతలోపల బిగించాను. తర్వాతి ప్రయాణం నుంచి వాసన లేదు. అక్క మెచ్చుకుంది. ఈ బిళ్ళను గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

రెండో వారం మొదలు కారు ఆగడం మొదలైంది. పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకునేది. కాప్రా దాటి, నేరేడ్‌మెట్ దాకా చక్కగా వచ్చేది. అక్కడినుంచి యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవాల్సింది పోయి వెనక్కి లాగినట్టుండేది. రెండు దగ్గులు దగ్గి, మిలిటరీ లారీల మధ్య రోడ్డు నడుమ చచ్చేది. ఎండ మాడ్చేస్తోంది, వెనక హారన్లు, వెనక సీట్లో అక్క.

నాకు కారణం క్షణంలో తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకున్నాను. ఇంజను వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోతుంది, ఆ ఆవిరి అడ్డుపడి పంపుకు ద్రవం అందదు. పుస్తకంలో చదివినదే, సైన్సే. మందు కూడా సైన్సే, పంపు మీద తడిగుడ్డ చుట్టి చల్లబరచడం. ఇంధనం ఎంతుందో చూపే ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది కనక, ముందు మూత తీసి చీపురుపుల్ల ముంచి పెట్రోల్ ఉందో లేదో చూశాను. ఉంది. మూత పెట్టి, బానెట్ ఎత్తి, తడిగుడ్డ చుట్టాను. పావుగంటకు సెల్ఫ్ కొట్టాను. కాసేపు గింగిరాలు తిరిగి అందుకుంది.

"చూశావా?" అన్నాను అక్కతో, పరీక్ష పాసైన కుర్రాడిలా.

ఆసుపత్రికి చేరేసరికి మా సమయం దాటిపోయింది. ఫిజియో ఆవిడ గడియారం చూపించి, తర్వాతి మనిషిని పిలిచింది.

అప్పటినుంచి కారులో ఒక బకెట్టు, రెండు గోనెపట్టాలు, ఒక చీపురుపుల్ల. ఆగడం, పుల్ల ముంచడం, గుడ్డ చుట్టడం, బయలుదేరడం. పెట్రోల్ అయిపోతుందేమోనన్న భయం కూడా వద్దనుకుని ప్రతిసారీ ట్యాంకు నిండా కొట్టించాను. కారు ఇంకా ముందే ఆగసాగింది. ఒకరోజు నేరేడ్‌మెట్ కూడా రాలేదు. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను. నా సిద్ధాంతానికి ప్రతిదీ సాక్ష్యమే. నేను వేదికల మీద చీల్చి చెండాడిన వాళ్లందరి సిద్ధాంతాలకూ ప్రతిదీ సాక్ష్యమే అయ్యేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

నేరేడ్‌మెట్‌లో రేకుల షెడ్డు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పాతబండ్ల మీద చెయ్యి తిరిగినవాడని పేరు. పంపు విప్పి లోపలి డయాఫ్రం మార్చాడు. కార్బ్యురేటర్ మొత్తం విడగొట్టి పెట్రోల్‌లో కడిగాడు. ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, పైపులోకి గాలి కొట్టాడు. పంపు దగ్గర పైపు ఊడదీసి సెల్ఫ్ కొట్టమన్నాడు. పెట్రోల్ చిమ్మింది.

"చూడు సార్, ఎంత మంచిగ కొడ్తుందో. ఇంక పరేషాన్ గాకు."

"మళ్లీ ఆగితే?"

"ఆగదు సార్. ఆగితె నా పానాలన్నీ నాలాల ఏస్త," అన్నాడు, రెంచీల పెట్టెనూ షెడ్డు ముందు మురిక్కాలువనూ చూపిస్తూ.

మరుసటి బుధవారం ఆగింది. వెనక్కి తోసుకెళ్లి అతని ముందు పెట్టాను. షెడ్డులో మూత తీసి చూసి, సెల్ఫ్ కొట్టగానే హాయిగా అందుకుంది. మెకానిక్ నా మొహం వంక చూశాడు.

"ఏంది సార్, బండిల ఏం లేదు. మీరే జెర బుగులుపడ్తున్నరు. నా దగ్గరికొస్తె మంచిగుంటది, రోడ్డు మీద మొండికేస్తది. మా ఇంటామె గిట్లనే, పుట్టింట్ల ఒక తీరు, నా ఇంట్ల ఒక తీరు."

"నీ ఇంటి సంగతి నాకెందుకయ్యా! కారణం చెప్పు."

"పెట్రోల్ల కచరా ఉంటది సార్. బంకు మార్చు."

ఇంతకంటే తెలివైన జవాబు జాతకాలు చెప్పేవాళ్లు ఇస్తారు. కానీ అతన్ని తిట్టే హక్కు నాకేది? అతను షెడ్డులో పెట్టిన ప్రతి పరీక్షా మూత తీసి పెట్టిన పరీక్షే. రోడ్డు మీద నేను పెట్టినవీ అంతే. మూత పెట్టి ఉన్నప్పుడు జబ్బు, తీసినప్పుడు ఆరోగ్యం. ఇద్దరం కళ్లు తెరుచుకుని గుడ్డివాళ్లమయ్యాం.

ఇంతలో మా పక్కింటాయన రంగంలోకి దిగాడు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో కమీషన్ వ్యాపారం ఆయనది. మంచి మనిషి, పెద్ద గొంతు. దిష్టి గురించి నాకూ ఆయనకూ గోడ మీదుగా ఏళ్ల తరబడి వాదన.

"అన్న, టీచరమ్మను నా వ్యానుల తీస్కపోత. తెల్లారి మార్కెట్ అయిపోతె వ్యాను ఖాళీనే. వెనక పరుపేస్త, ఆరామ్‌గ పండుకుంటది."

అది ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అక్క అప్పటికే సంచీ తీసుకుని లేవబోయింది కూడా. నేనన్నాను, "అవసరం లేదు. జబ్బేమిటో తెలిసిపోయింది. ఒక్కరోజు ఆగు." ఎందుకన్నాను? నా కారు మీద ప్రేమతో కాదు. ఆ వ్యాను ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. ఆ దండ వెనక మా అక్క వెళ్తుంటే గోడ అవతల ఆయన నవ్వే నవ్వు నాకు ముందే వినపడింది.

"సరె, నేను సుత మీతోనె వస్త," అన్నాడాయన. "చూస్త నీ సైన్సు ఎట్లుంటదో."

వచ్చాడు. కారు ఆగింది. నేను అలవాటుగా మూత తీసి పుల్ల ముంచి, బకెట్టు అందుకునేలోపు ఆయన జేబులోంచి నిమ్మకాయ తీసి, బండి చుట్టూ తిప్పి, టైరు కింద పెట్టాడు.

"ఇంక కొట్టు సెల్ఫ్."

గుడ్డ చుట్టకుండానే కొట్టాను. అందుకుంది. ఆయన రోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టాడు.

"ఏందన్న, పుస్తకాల నిమ్మకాయ లేదా? మార్కెట్ల దొర్కుతది, బస్తా పంపియ్యాల్నా?"

నా కళ్లముందు నా గుడ్డ లేకుండా బండి నడిచింది. హేతువాది అన్నవాడు అక్కడ ఆగి, "అయితే గుడ్డా కాదు, నిమ్మకాయా కాదు, రెండిటికీ ముందు ఇంకేదో జరిగింది," అనుకోవాలి. నేను అనుకున్నదేమిటో తెలుసా? నిమ్మకాయ తిప్పేలోపు పంపు దానంతటదే చల్లబడి ఉంటుందని. ఎండ నెత్తిన మాడుతుంటే, రెండు నిమిషాల్లో.

ఆ రాత్రి అన్నం దగ్గర అక్క మెల్లగా అంది, "ఒరేయ్, నువ్వు మూత తీసినప్పుడల్లా సుయ్యిమని చప్పుడొస్తోందిరా. నా చెవి పక్కనే కదా."

"ఆవిరి. వేడికి ట్యాంకులో ఆవిరి నిండి బయటికి తన్నుతోంది. నేను చెబుతున్నదే అది."

"బయటికొస్తే వాసన రావాలిగా. నాకు పెట్రోల్ వాసన ఎంత పడదో నీకు తెలుసు. చప్పుడొస్తోంది గానీ వాసన రావట్లేదు. గాలి లోపలికి పోతోందేమో చూడు."

ఆ రోజు నేను అన్నమాట ఇక్కడ రాయకుండా దాటేయవచ్చు. రాస్తున్నాను. "బండి ఆగినప్పుడల్లా కళ్లు మూసుకుని ప్రార్థన చేసేదానివి, నువ్వు నాకు గాలి పాఠం చెబుతావా?" అన్నాను. ముప్ఫై ఏళ్లు ఎనిమిదో తరగతికి గాలి పీడనం చెప్పిన మనిషితో అన్నాను. అక్క మజ్జిగ పోసుకుని తినేసి, కర్ర పట్టుకుని గదిలోకి వెళ్లింది.

ఆమె మాటను నేను మాటగా వినలేదు. చెప్పేవాళ్ల మతం విన్నాను. మనిషి కులం చూసి నీళ్లు ముట్టనివాళ్ల మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో!

నాలుగో వారం చివర ఫిజియో ఆవిడ కోణం కొలిచే చెక్కను మోకాలికి ఆనించి, కాగితం మీద రాసి, నా వైపు తిప్పింది. యాభై అయిదు.

"ఈపాటికి ఎనభై ఉండాలి. సగం రోజులు రాలేదు, వచ్చిన రోజు ఆలస్యంగా వచ్చారు. పేషెంటు తప్పా, మీ తప్పా?"

"బండి తప్పు," అన్నాను.

ఆవిడ కాగితాన్ని ఫైల్లో పెట్టేసింది.

అయిదో వారం, శుక్రవారం. అదే నేరేడ్‌మెట్, అదే దగ్గు. నేను దిగి, అలవాటు ప్రకారం పుల్ల పట్టుకుని ట్యాంకు వైపు నడిచాను. వెనక కిటికీలోంచి అక్క చెయ్యి బయటికొచ్చి నా చొక్కా పట్టుకుంది.

"మూత ముట్టుకోకు."

"పెట్రోల్ చూడొద్దా?"

"నిన్ననే నిండా పోయించావు. ఇవాళ గుడ్డ ఒక్కటే చుట్టు. మూత తీయకు. నీ సిద్ధాంతం నిజమైతే గుడ్డతోనే కదలాలి."

"ఆలస్యమవుతుంది అక్కా."

"నీవల్ల అయిదు వారాలు ఆలస్యమైంది. నావల్ల ఇంకో గంట కానీ. ఒకేసారి రెండు పనులు చేసి, ఏది పనిచేసిందో తెలిసిందనే పిల్లకు మా బళ్లో సున్నా వేసేదాన్ని."

గుడ్డ చుట్టాను. బకెట్టు నీళ్లన్నీ పోశాను. పది నిమిషాలకు సెల్ఫ్ కొట్టాను. లేదు. ఇరవై నిమిషాలకు ఒకసారి దగ్గి ఆగింది. అరగంటకు పంపు చేత్తో పట్టుకుంటే కుండలా చల్లగా ఉంది. అయినా లేదు. సెల్ఫ్ తిప్పి తిప్పి బ్యాటరీ నీరసపడుతోంది. చెమట కళ్లల్లోకి కారుతోంది. వెనక సీట్లో అక్క మొహం ఎర్రగా కందిపోయింది, కాలు చేత్తో నొక్కుకుంటోంది. నాకు ఆ కారును అక్కడే తగలబెట్టాలనిపించింది.

"ఇప్పుడు గుడ్డ తీసెయ్. మూత తియ్యి," అంది అక్క. "తీసేటప్పుడు ఈ రుమాలు దగ్గర పెట్టి చూడు."

ఆమె అందించిన రుమాలును మూత అంచు దగ్గర పట్టుకుని మూత తిప్పాను. సుయ్యిమంది. రుమాలు కొస సన్నగా లోపలికి లాక్కుపోయింది. బయటికి కాదు. లోపలికి. మూత తీసేసి, మళ్లీ పెట్టకుండా, సెల్ఫ్ కొట్టాను. పంపు నాలుగు గుక్కలు తాగింది, ఇంజను అందుకుంది.

మూత తిరగేసి చూశాను. నేను కత్తిరించిన రబ్బరు బిళ్ళ మధ్యలో గిన్నెలా లోతుగా సాగి ఉంది. దాన్ని గోటితో పీకితే, కింద మూత మధ్యలో గుండుసూది పట్టేంత రంధ్రం. పెట్రోల్ ఖర్చయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావడానికి, కారు చేసినవాళ్లు పెట్టిన రంధ్రం. బిళ్ళను ఉంగరంలా మధ్యలో కత్తిరించి అంచుకే వేయాల్సింది. నేను పూర్తి బిళ్ళ వేసి రంధ్రం మూసేశాను. గాలి రాని ట్యాంకు పంపుతో కుస్తీ పట్టి, కొన్ని మైళ్లకు గెలిచేది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ కనక ఇంకా తొందరగా గెలిచేది. నేను పుల్ల కోసం మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయి జబ్బు తగ్గేది, పేరు నా గుడ్డకు వచ్చేది. ఆరోజు నిమ్మకాయకు వచ్చింది. అన్నిటినీ అనుమానించాను. ఎండను, పంపును, బంకును, మెకానిక్‌ను, పక్కింటాయనను. జబ్బు మొదలయ్యే ముందు ఆ కారులో కొత్తగా వచ్చింది ఒకే ఒక్కటి, అది నేను పెట్టిందే. అందుకే అది నా జాబితాలో లేదు.

మెకానిక్‌కు బిళ్ళ చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. "సైకిల్‌ది తీస్కొచ్చి కారుకు పెడ్తవా సార్! నా పానాలు బతికినయ్ పో." పక్కింటాయన మాత్రం నవ్వలేదు. గోడ మీద మోచేతులు ఆనించి, "అంటె టీచరమ్మ చెప్పింది నువ్వు ఇనలే. నేను చెప్పింది ఇనకపోతివి, సరె. ఆమె చెప్పింది సుత ఇనలే," అన్నాడు.

మిగిలిన రోజులు కారు ఒక్కసారి కూడా ఆగలేదు. అక్క పళ్లు బిగబట్టి కూర్చుని ప్రతి వ్యాయామమూ చేసింది. చివరి రోజు చెక్క ఆనించి ఆవిడ చదివింది, "ఎనభై అయిదు."

"మా బళ్లో ఎనభై అయిదంటే డిస్టింక్షనమ్మా," అంది అక్క.

"బస్సు మెట్టుకు నూరు కావాలి," అంది ఆవిడ, కాగితం మడుస్తూ. "పోయిన వారాలు తిరిగి రావు."

రాలేదు. ఇప్పుడు బస్సు వస్తే అక్క ఎడమకాలు ముందు పెట్టి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కుడికాలును వెనకాల ఈడ్చుకుంటూ ఎక్కుతుంది. కండక్టర్ "జల్ది ఎక్కమ్మా, జల్ది!" అని అరుస్తాడు. నా కారులో వస్తావా అంటే రానంటుంది.

మీ ఇంట్లోనూ ఇవాళ ఏదో ఒకటి సరిగా నడవడం లేదు. యంత్రం కావచ్చు, మనిషి ఆరోగ్యం కావచ్చు, మీరు నడిపే సంఘం కావచ్చు. దానికి కారణం మీకు ఇదివరకే తెలిసిపోయి ఉంటుంది, ఆ కారణం మీకు బయటే ఉండి ఉంటుంది. ఒక కాగితం తీయండి. అది చెడిపోవడానికి ముందు మీ చేత్తో మీరు చేసిన చివరి పని ఏదో అందులో మొదటి వరుసలో రాయండి. తర్వాత, మీరు నోరు మూయించిన మనిషి దగ్గరికి వెళ్లండి. ఆ మనిషి ఏ దేవుడికి మొక్కినా సరే, ఏం చూసిందో, ఏం విన్నదో అడిగి, మధ్యలో మాట్లాడకుండా, చెప్పింది చెప్పినట్టు రెండో వరుసలో రాయండి. రేపు కాదు. ఇది చదవడం ఇక్కడ ఆపి, లేవండి.